కమ్మీల కాళ్లు

చార్టులో మూడో కమ్మీ అంచు దగ్గరికి వచ్చేసరికి అతను ఊపిరి బిగబట్టాడు. చెయ్యి ఒక్కసారి వణికిందంటే రెండు రోజుల పని నీళ్లపాలే. కుంచె గీత దాటకుండా అడుగుదాకా దిగాక ఊపిరి వదిలాడు. కిటికీలోంచి పడ్డ ఎండకు తడి బూడిదరంగు కాసేపు మెరిసి, మెల్లగా కాగితంలోకి ఇంకిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా చూస్తున్నదే అయినా ఆ మెరుపు కోసం అతను ఎప్పుడూ ఒక నిమిషం ఆగుతాడు.

సిటీ బస్సుల కార్యాలయంలో లెక్కలను చార్టులుగా గీసే ఉద్యోగం అతనిది. సన్నగా, పొడుగ్గా, వంగని నడుముతో ఉంటాడని డిపోలో అందరూ ‘నిలువుగీత’ అంటారు. కంప్యూటర్లు వచ్చినా మీటింగు హాలు గోడకు తగిలించే పెద్ద చార్టు మాత్రం అతని చేతే గీయిస్తారు. అతని చార్టుల్లో రంగుల సంత ఉండదు. అన్ని కమ్మీలూ బూడిదరంగు, ముఖ్యమైనదొక్కటే నీలం. పెద్దదాని పక్కన చిన్నది, వరసగా. ఏ కమ్మీ అంకె దాని నెత్తినే. పైన ఒక పూర్తి వాక్యం. గుమ్మంలో నిలబడి చూసినా విషయం అందాలి.

ఇంట్లోనూ అంతే. పొద్దున బీన్స్ తరుగుతుంటే భార్య ముక్కలు చూసి, “స్కేలు తెచ్చివ్వనా?” అంది. అతను సమంగా రాని ముక్కను ఏరి నోట్లో వేసుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంత కాపురంలోనూ ఆ నవ్వు పాతబడలేదు.

తెల్లవారుజామున బయల్దేరే ఐదు బస్సుల్లో ఒకదాన్ని ఎత్తేయాలని పైవాళ్ల ఆలోచన. యాభై సీట్లలో సగటున నిండేవి నలభై ఏడు, నలభై ఆరు, నలభై నాలుగు, నలభై మూడు, నలభై ఒకటి. ఆ చివరిది పెద్దాసుపత్రి బస్సు. డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు ఆరింటికల్లా చేరేది అందులోనే. లెక్కల కాగితం తెచ్చిన ఆ బస్సు కండక్టరమ్మ ఇచ్చేసి వెంటనే కదల్లేదు.

“అన్నయ్యగారూ, మా బస్సెక్కేవాళ్లకు రేపు చూద్దాంలే అనడానికి ఉండదండీ,” అని వెళ్లిపోయింది.

మనిషికో అంగుళం చొప్పున గీశాడు. ఈసారి నీలం దేనికీ వేయలేదు. పైన ‘ఐదు బస్సులూ దాదాపు నిండుగానే నడుస్తున్నాయి’ అని రాశాడు.

రంగు ఆరుతుండగా ఆఫీసరు వచ్చాడు. అడుగున నలభై అంగుళాలు కోసేసి, సున్నాకు బదులు నలభై నుంచి మొదలుపెట్టమన్నాడు. అప్పుడు మొదటిది ఏడంగుళాలు, ఆసుపత్రి బస్సు ఒక్క అంగుళం. ఏది తీసేయాలో పసిపిల్లాడైనా చెబుతాడు. అలా కుదరదండీ అన్నాడతను.

“అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదయ్యా. ఇందులో చెప్పేదేముంది?”

“అదేనండీ చెప్పేది.”

ఆఫీసరు చార్టు చుట్టి తీసుకెళ్లాడు.

ఇలా కమ్మీల కాళ్లు అతనూ ఒకసారి కోశాడు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, అప్పటి ఆఫీసరు చెబితే. ఒక్కో మెకానిక్కు చూసిన బస్సులు ఏడాదిలో ఎన్నిసార్లు దారిలో ఆగిపోయాయన్నది ఆ చార్టు. ముప్ఫైకీ ముప్ఫై రెండుకూ ఉన్న తేడా, ఇరవై తొమ్మిది దాకా కాళ్లు కోసేసరికి ఒకటికి మూడింతలై లేచింది. చార్టులో పేర్లుండవు, నంబర్లే. ఆ పొడుగు కమ్మీ నంబరు తన బావమరిదిదని, అతని ఉద్యోగం పోయాక గానీ తెలియలేదు. బావమరిది మళ్లీ వీళ్ల గడప తొక్కలేదు. భార్య ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు.

పదకొండింటికి బోర్డు మీటింగు మొదలవగానే అలవాటుగా హాలు గుమ్మం పక్కన నిలబడ్డాడు. గోడ మీద చార్టు తువ్వాలంతే ఉంది. నలభై అంగుళాలూ వెనక్కి మడిచి, కింది రెండు మూలలా పిన్నులు గుచ్చారు. అతని వాక్యం మీద తెల్లకాగితం అంటించి ‘తెల్లవారుజాము బస్సులు’ అని రాశారు. ఐదు కమ్మీలూ మెట్లలా దిగిపోతున్నాయి. సభ్యులు తలలూపుతున్నారు. అధ్యక్షురాలు పెన్ను మూత తీసింది.

ఇరవై తొమ్మిదేళ్లలో ఆ గుమ్మం దాటి ఎరగడు. నేరుగా వెళ్లి కింది పిన్నులు రెండూ లాగేశాడు. కాగితం బరబరమంటూ నడుము కిందిదాకా జారింది.

అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకుని కింది నుంచి పైదాకా చూసింది. “ఇవన్నీ ఒక్క ఎత్తే కదా?”

“దాదాపు ఒక్క ఎత్తేనండీ. ఇందాక తలలే కనబడ్డాయి. కాళ్లు గోడవైపు మడిచి ఉన్నాయి.”

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆఫీసరు కిటికీవైపు చూశాడు. అధ్యక్షురాలు ఐదు బస్సులూ నడవనివ్వమని రాసి, పెన్ను మూత పెట్టేసింది.

నాలుగింటికి బదిలీ కాగితం వచ్చింది. మర్నాటి నుంచి టైర్ల గోడౌనులో పని. సంతకం పెట్టి, ఇంటికి ఫోన్ చేసి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

“ఈ మాట తమ్ముడికి చెప్పనా అండీ?” అంది భార్య.

“చెప్పు,” అన్నాడు.

కుంచెలు కడిగి బోర్లించాడు. ఐదింటికి కాస్త ముందే, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

బల్ల మీద వచ్చే నెల చార్టు కాగితం పరిచి ఉంది. దాని అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత, ఎడమ మూలన ఒక సున్నా. సిరా ఇంకా ఆరలేదు.