జొన్న పడుకున్న గోనె

నేను ఒక గోనెసంచిని. ఇప్పుడు సత్తెనపల్లిలో ఒక ఇంటి పెరట్లో, నడుం లోతు గోతిలో, మట్టి కింద ఉన్నాను. నన్ను పాతిపెట్టినవాడికి నా మీద కోపం లేదు. ఆ మాటకొస్తే నన్ను అంత ప్రేమగా చూసుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఆ ప్రేమే కొంప ముంచింది.

పుట్టింది ఏలూరులో, జనపనార మిల్లులో. నానబెట్టారు, దువ్వారు, వడికారు, నేశారు, చివరికి మూడువైపులా మూసి ఒకవైపు నోరు వదిలారు. నోరిచ్చారు గాని మాట ఇవ్వలేదు. అప్పట్లో అదొక లోటని నాకు తోచనే లేదు. శనగలు పోస్తే శనగలు మోశాను, మినుములు పోస్తే మినుములు మోశాను. లారీలెక్కాను, హమాలీల వీపులెక్కాను, ఇనుప కొక్కేల పోట్లు తిన్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే, లోపల పడినదాన్ని దాచుకోవడం.

అడుగున చిరుగు పడ్డాక సత్తెనపల్లిలో ఒక పురుగుమందుల కొట్టుకి చేరాను. అక్కడ నన్ను మడిచి డబ్బాల అర కింద వేశారు. ఒకసారి పైనున్న డబ్బా ఒకటి మూత వదులై వారం రోజులపాటు చుక్కచుక్కగా నా మీద కారింది. ఎవరూ చూడలేదు. నేను మాత్రం పీచుపీచునా ఇంకించుకున్నాను. వద్దనడానికి నాకేం అధికారం ఉంది? తర్వాత ఆరిపోయాను. పైకి మరక కూడా తేలలేదు.

ఆ కొట్టు గుమాస్తా పున్నారావు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఇరవై రెండేళ్లుగా అక్కడే పని. రైతు ఒక్క మిరపాకు తెచ్చి చూపిస్తే చాలు, పేనుబంకో తామరపురుగో ఇట్టే చెప్పేస్తాడు. పెళ్లి కాలేదు. సంబంధాలు రాకపోలేదు. పెళ్లిచూపులు జరిగేవి, ఫలహారాలు తినేవాళ్లు, ఆ తర్వాత ఎందుకో కబురు వచ్చేది కాదు. కిందటేడు తల్లి పోయింది. అప్పటినుంచి ఇంటికి వెళ్లాలంటే అతనికి కాళ్లు రావు. సాయంత్రం ఇంటి తాళం తీశాక మళ్లీ కొట్టు తెరిచేదాకా ఒక్క మాట మాట్లాడే అవసరం ఉండదు.

"మాట మర్చిపోతానేమోనని భయంగా ఉందండీ" అన్నాడు ఒకరోజు యజమానితో. యజమాని నవ్వాడు. పున్నారావు కూడా నవ్వినట్టు చేసి తల వంచుకున్నాడు. కింద ఉన్నాను కనుక ఆ ముఖం నాకు కనిపించింది. అందులో నవ్వు లేదు.

అలాంటివాడు కుక్కపిల్లను తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాడు. తెలిసిన రైతు ఒకాయన పది రోజుల్లో ఇస్తానన్నాడు. ఇక చూడాలి ఆ పది రోజుల సంబరం! మందు కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ నిలబెట్టి పాలు పలచన చేయాలా, అన్నం మెదిపి పెట్టాలా అని అడిగాడు. విన్నదంతా మందుల కరపత్రం వెనక రాసుకున్నాడు. పిల్ల దూరకుండా తూముకి ఇటుక అడ్డం పెట్టాడు, గేటు కింది సందుకి వల కట్టాడు, చెప్పులు అటకెక్కించాడు. కొత్త కోడలు వస్తుందన్నా ఇంత హడావుడి ఉండదు.

అసలు భయం మందు గురించే. కొట్టు బట్టలు పెరట్లోనే విప్పేయాలనీ, సబ్బుతో తలారా స్నానం చేశాకే పిల్లను ముట్టుకోవాలనీ తనకు తానే కట్టుబాటు పెట్టుకున్నాడు. ఇంట్లో చుక్క మందు లేకుండా చూసుకున్నాడు. చీమల మందు కూడా పారేశాడు.

ఇక పక్క మిగిలింది. కొత్త గోనె గుచ్చుకుంటుందనీ, వాడి వాడి మెత్తబడిందైతే పిల్లకి హాయి అనీ ఎవరో చెప్పారు. మెత్తనైనదాన్ని నేనే. అడిగి ఇంటికి తెచ్చాడు. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాడు, బండకేసి బాదాడు, మూడు రోజులు ఎండబెట్టాడు. తర్వాత నన్ను ముఖానికి అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏ వాసనా లేదు" అన్నాడు, తృప్తిగా.

నేను నిర్ఘాంతపోయాను. రెండు ఉతుకులకు పోయే సరుకా అది! అప్పుడు అర్థమైంది నాకు. ఇరవై రెండేళ్లు ఆ గాలి పీల్చీ పీల్చీ అతని ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు.

పిల్ల వచ్చింది. జొన్నగింజ రంగులో ఉందని జొన్న అని పేరు పెట్టాడు. ఆ పేరు తేలడానికి మూడు రోజులు పట్టింది. అది వచ్చీరాగానే నా మీద మూడు చుట్లు తిరిగి ముడుచుకుని పడుకుంది. ఎన్నో బస్తాల సరుకు మోశాను గాని, లోపల గుండె కొట్టుకునే బరువును మోయడం అదే మొదటిసారి. పున్నారావు పక్కనే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. ఎవరి చేలో తెగులు వచ్చింది, ఎవరు చెప్పిన మాట వినలేదు, తన తల్లి గోంగూర ఎలా చేసేది, అన్నీ చెప్పాడు. ఏడాదిగా పేరుకున్న మాటలన్నీ ఆ సాయంత్రమే దాని చెవిలో పోశాడు. అతని ముఖం చూసి నేను ఏడవలేక చచ్చాను.

పళ్లు దురదపెట్టి మూడో రోజున జొన్న నా అంచు కొరకడం మొదలుపెట్టింది. కొరికి, నాకి, చప్పరించింది. వద్దే తల్లీ, నన్ను నమ్మకు అని నా పీచులన్నీ మొత్తుకున్నాయి. మర్నాటికి చొంగ కారింది. వాంతి చేసుకుంది. కాళ్లు వణికాయి.

పాలు పడలేదనుకున్నాడు పున్నారావు. గంజి పట్టాడు. చలికి వణుకుతుందనుకుని నన్ను ఇంకో మడత వేసి, దాని చుట్టూ కప్పాడు. దానికి జబ్బు ఎక్కువైనకొద్దీ నన్ను దానికి మరింత దగ్గర చేశాడు. అంతకంటే నరకం ఉంటుందా?

రెండు రోజులయ్యాక కొట్టు నుంచి మధ్యలో పరుగెత్తుకొచ్చి, నాలోనే చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ దాని కంటిపాపలు చూసింది. "మందేమన్నా తగిలిందా?" అంది.

"లేదండీ, మా అమ్మ మీద ఒట్టు. నేను మందుల కొట్టులో పనిచేస్తా గాని, స్నానం చెయ్యకుండా దీన్ని ముట్టనండి. ఇయ్యాలే, తొందర్లో ఇట్టా వచ్చా. ఇంట్లో చుక్క మందుండదు."

వాసన అతని చొక్కాదేననుకుందేమో, ఆమె దాని వంక చూసి తల ఊపింది. సెలైను పెట్టింది. సాయంత్రందాకా ఇనుప బల్ల మీదే ఉన్న జొన్న తేరుకుని తోక ఊపింది. పున్నారావు పొంగిపోయాడు. ఇంటికి రాగానే నన్ను దులిపి, పరిచి, దాన్ని పడుకోబెట్టాడు. రెండు రోజులకి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తల ఎత్తలేదు. అతను తిండి మానేశాడు. "నన్ను వదిలిపెట్టి పోబాకే" అని దాని చెవిలో బతిమాలాడు. ఆ చెవి నా మీదే ఆని ఉంది.

మిరపకు మందుకొట్టే కాలం, కొట్టులో సెలవు దొరకలేదు. ఎదురింటావిడ సామ్రాజ్యానికి తాళం చెవి ఇచ్చి, మధ్యాహ్నం గంజి పట్టమని వేడుకున్నాడు. కుక్కలంటే హడలిపోయే మనిషి ఆమె. అయినా అతని ముఖం చూసి కాదనలేకపోయింది.

తలుపు తీసి గడపలోనే ఆగిపోయింది. "పున్నారావూ, కొట్టుకి పోలేదా?" అని కేకేసింది. పలికేవాడెవరు? కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇల్లంతా చూసింది. ఫోను తీసి గబగబా రమ్మంది.

అతను వగరుస్తూ వచ్చాడు. "ఏమైందక్కా? ఉందా?"

"ఉంది. ఇంట్లో ఈ మందు వాసనేందయ్యా?"

"వాసనా? నాకేం రావట్లేదే."

"ఎప్పుడూ నీ దగ్గర వచ్చే వాసనే. నువ్వు లేనప్పుడు గూడా ఎట్టా వస్తంది?"

పున్నారావు చొక్కా కాలరు పైకి లాగి వాసన చూసుకున్నాడు. "నా దగ్గర వాసన వస్తదా?"

సామ్రాజ్యం నాలుక కరుచుకుంది. "ఊరందరికీ తెలుసు అబ్బాయ్. మొకాన ఎట్టా చెప్తాం?"

ఇరవై రెండేళ్ల మర్యాద అది. తిరిగిపోయిన పెళ్లివారూ పాటించారు, బస్సులో లేచి వేరే సీటుకి వెళ్లినవాళ్లూ పాటించారు. ఎవరూ నొప్పించలేదు. అతను అదంతా ఒక్కసారిగా మింగాడు. మింగి, "ఎక్కణ్ణించి వస్తందో చూసిపెట్టక్కా. నా ముక్కు పనిచెయ్యట్లా" అన్నాడు.

ఆమె వంటిల్లు చూసింది, పెరటి తలుపు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చి నా ముందు వంగి ఠక్కున లేచింది. "ఇదే!"

అతను జొన్నను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. కుక్కంటే భయమన్న సంగతి ఆమె కూడా మరిచిపోయింది. నన్ను ముఖానికి అదుముకుని పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఏమీ తెలియలేదు.

"నేనే ఉతికి పరిచానక్కా. ఈ చేత్తోనే!" అని కూలబడ్డాడు. అంతలోనే లేచి పిల్లను లాక్కుని, నన్ను వదిలేసి, పరుగెత్తాడు.

సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. చేతుల్లో పిల్ల లేదు. ఆ ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, బావికి దూరంగా గొయ్యి తవ్వి నన్ను దింపాడు. కాలిస్తే పొగ కూడా విషమేనని అతనికి తెలుసు. ఒక్క మాట, బతికిందనో పోయిందనో ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. మట్టి పడింది.

మట్టిలో పగలూ రాత్రీ ఒకటే. వాన వెళ్లిన జాడ మాత్రం తెలుస్తుంది. రెండు వానలు వెళ్లాయి. నేను చంపానా, లేదా? అడగడానికి పురుగు కూడా నా దగ్గరికి రాదు.

నిన్న పైన గీకుడు వినిపించింది. పందికొక్కేమో అనుకున్నాను. గీకుడు ఆగింది, ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటనే సన్నటి కుయ్యిమన్న మూలుగు. ఆ మూలుగు నాకు తెలుసు!

బతికే ఉంది. జొన్న బతికే ఉంది! ఆ సంతోషం ఎంతసేపని, మళ్లీ గీకుడు మొదలైంది. ఈసారి గోళ్లు గట్టిగా పడుతున్నాయి. అది నా కోసం తవ్వుతోంది. దానికి తెలిసిన మొదటి పక్కను నేనే కదా. తవ్వకే తల్లీ, వెళ్లిపోవే అని అరిచాను. మట్టి పలచబడుతూనే ఉంది.

"జొన్నా! వద్దే!" పున్నారావు పరుగెత్తుకొచ్చిన అడుగులు. పెనుగులాట. ఆ తర్వాత ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. పెరట్లో బట్టలుతికే బండ తెచ్చి, సరిగ్గా నా నెత్తిన దించాడు.

బరువుగానే ఉంది. ఇంకా పెద్ద బండ దొరికి ఉంటే బాగుండేది.