గూడుబండికి ఇంటి నంబరు

1944 ఆగస్టు 9, బుధవారం. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, ఐరాల ఊరి బయట, కళాయి శాంతయ్య తన గూడుబండి చక్రాలు రెండూ ఊడదీశాడు.

ఇరుసు కింద రాళ్లు పేర్చి, సీలలు పీకి, చక్రాలను ఒక్కొక్కటిగా దొర్లించుకుంటూ పోయి రైతు ధనంజయ నాయుడి కొట్టంలో ఆనించాడు. బండి నిలిచిన బీడు నాయుడిదే. నాయుడే వచ్చి నొగలు ఎత్తి పట్టుకున్నాడు. శాంతయ్య భార్య మునిరత్నమ్మ రాళ్లు అందించింది. పని అయ్యేసరికి బండి మూరెడు కిందికి దిగింది. ఎక్కేటప్పుడు కాలు ఎంత ఎత్తాలో ఆమెకు ఇరవై రెండేళ్లుగా అలవాటు. ఆ మధ్యాహ్నం చట్టి కోసం ఎక్కబోయి, కాలు ఎక్కువ ఎత్తి తూలింది.

"సూసి ఎక్కు మే. ఇప్పుడిది ఇల్లు," అన్నాడు శాంతయ్య.

ఆమె నవ్వలేదు.

పదహారేళ్లకు పెళ్లయి ఆమె వచ్చి ఎక్కింది ఆ బండే. వండే చట్లు, చాపలు, బొగ్గుల గంప, కొలిమి తిత్తి, అత్త గంగులమ్మ, అన్నీ అందులోనే. చిత్తూరులో బయలుదేరి ఐరాల, కాణిపాకం, పూతలపట్టు, అటు నుంచి తిరుపతి, పుత్తూరు, కార్వేటినగరం, మళ్లీ చిత్తూరు. ఒక చుట్టుకు ఆరు నెలలు పట్టేది. ఇత్తడి గిన్నె లోపల వేసిన కళాయి నిలిచేదీ ఆరు నెలలే. గిన్నెలో పులుసు చిలుమెక్కడం మొదలయ్యే నాటికి వాళ్ల బండి ఆ ఊరి మొదట్లో కనిపించేది.

ఆ పని ఇద్దరిది. మునిరత్నమ్మ ఇసుక పోసి గిన్నె తోమి, తిత్తి ఊదుతుంది. గిన్నె కాగగానే శాంతయ్య నవాసారం చల్లి, తగరం కడ్డీ తాకించి, దూదితో లోపలంతా రుద్దుతాడు. పట్టకారుతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొడితే ఆమె తిత్తి ఆపాలి. ఒక్క ఊపు ఎక్కువైతే తగరం నల్లబడుతుంది. ఆ రెండు దెబ్బల కోసం ఆమె తల ఎత్తి చూడవలసిన పని ఉండేది కాదు.

గిన్నెలు తీసుకుపోయి రేపు తెచ్చిస్తామంటే ఏ ఇల్లాలూ ఇవ్వదు. తగరంలో సీసం కలుపుతారని భయం. కళాయి కళ్లెదుట వేయాలి. అందుకే కొలిమి ఇంటి ముందుకు పోవాలి. అందుకే బండి.

కూలికి గింజలు ఇచ్చేవారు. యుద్ధం వచ్చి బర్మా బియ్యం ఆగిపోయాక రైతుల గింజల మీద సర్కారు కన్ను పడింది. ఇళ్లలో గింజలు పెట్టడం మానేసి చిల్లర ఇవ్వసాగారు. ఆ చిల్లర పట్టుకుని అంగడికి పోతే రేషను కార్డు అడిగారు. ఆ ఎండాకాలం వాళ్లు ముగ్గురూ చాలా దినాలు రాగి జావతో గడిపారు. ఆగస్టులో ఐరాలకు వచ్చినప్పుడు, ఇళ్లకు నంబర్లు వేసి కార్డులు రాస్తున్నారని నాయుడు చెప్పాడు.

నంబర్లు వేసేది కుప్పుస్వామి అనే గుమాస్తా. చిత్తూరు నుంచి వచ్చాడు. ఒక చేతిలో తారు డబ్బా, ఒక చేతిలో కుంచె. మంగళవారం సాయంత్రం నాయుడి కొట్టానికి నంబరు వేసి పోతుంటే శాంతయ్య ఎదురు వెళ్లాడు.

"మాకూ ఒక నంబరెయ్యి సామీ."

"దేనికప్పా?"

"ఇంటికి."

"యాడుండాది ఇల్లు?"

శాంతయ్య బండి మీద చెయ్యి వేశాడు.

"ఇది బండి గదప్పా!"

"మా కాపురం దీన్లోనే సామీ. నేను పుట్టింది గూడా దీన్లోనే."

గంగులమ్మ గూడులోంచి తల బయటపెట్టింది. "వీడు పుట్టిన దినం గూడు కారతా ఉన్నింది నాయనా. పుత్తూరు కాడ. ఒక పక్క వాన, ఒక పక్క వీడు."

"సరేలే అవ్వా. ఈ దినం దీనికి నంబరేస్తాను. రేపు మీరు ఎద్దులు కట్టుకుని పోతారు, నంబరూ మీతోనే పోతాది. ఐరాలలో నూట పన్నెండో ఇల్లు యాడని పైవాళ్లు అడిగితే, పుత్తూరు దోవలో పోతా ఉండాదని రాసేదా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

"నాయుడి కొట్టానికి ఏసినారే," అన్నాడు శాంతయ్య. "దాంట్లో ఉండేది ఎనుములు."

"కొట్టం నడవదప్పా."

"ఎద్దుల్ని ఇప్పేస్తే ఇదీ నడవదు," అంది గంగులమ్మ.

"సక్రాలుండాయి గదవ్వా! సక్రాలు పీకెయ్యమను నీ కొడుకుని. అప్పుడు ఇల్లే. నేనే ఏస్తా నంబరు."

మళ్లీ నవ్వారు. కుప్పుస్వామీ నవ్వి, కుంచె ముంచుకుని ముందుకు పోయాడు. శాంతయ్య నవ్వలేదు. సర్కారు కుంచె చేతిలో ఉన్న మనిషి చెప్పాడు. అది ఉత్తర్వు అనుకున్నాడు.

మరునాటి సాయంత్రం కుప్పుస్వామి ఆ దారిన వచ్చి బండిని చూసి ఆగాడు.

"నేనేదో మాటకన్నాను గదప్పా," అన్నాడు.

"మాటకన్నావో ఎందుకన్నావో, వాడు పీకినాడు," అన్నాడు నాయుడు. "ఊరంతా విన్నింది. ఎయ్యి అబ్బా."

కుప్పుస్వామి బండి పక్కపలక మీద 112 వేశాడు. కార్డులో మూడు పేర్లు రాశాడు. కోళ్లు వచ్చి రుద్దుకోకుండా, తారు ఆరేదాకా గంగులమ్మ పలక పక్కనే కూర్చుంది.

ఆ శనివారం ముగ్గురి బియ్యం వచ్చాయి. మునిరత్నమ్మ వార్చిన గంజి కూడా పారబోయలేదు.

పది దినాల్లో ఐరాలలో కళాయి వేయవలసిన గిన్నె మిగల్లేదు. ఎద్దులను నాయుడు మేత పెట్టి మడక దున్నడానికి తీసుకున్నాడు. మునిరత్నమ్మ బొగ్గుల గంప నెత్తిన పెట్టుకుంది. శాంతయ్య తిత్తి భుజానికి వేసుకున్నాడు. ఇద్దరూ కాలినడకన కాణిపాకం పోయారు. తరువాత పూతలపట్టు, మధ్యలో పల్లెలు. పోయిన ఊళ్లలో అరుగుల మీద పడుకున్నారు. కార్డున్న అంగడి ఐరాలలోనే గనక శనివారానికి తిరిగి రావాలి. కార్వేటినగరంలో పెద్ద ఇళ్ల అండాలు, గంగాళాలు ఈ ఏడు వాళ్ల కోసం చూసి ఉంటాయి. అక్కడికి నడిచి పోయి శనివారానికి రావడం అయ్యే పని కాదు. గంగులమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆమె నడవలేదు.

నవంబరు 18, శనివారం, మునిరత్నమ్మ కార్డు తీసుకుని అంగడికి పోయింది. అంగడాయన కార్డును పైనుంచి వచ్చిన పట్టీతో సరిచూసి, కార్డులో రెండు పేర్ల మీద ఎర్ర గీతలు గీశాడు. ఒక మనిషికి వచ్చే బియ్యమే తూచాడు.

"మేం ముగ్గురమన్నా."

"పైనుంచి కొట్టేసినారమ్మా. మొన్న బేస్తవారం తనికీ జరిగింది. ఆ ఇంట్లో ఉండేది ఒకరేనంట."

ఆమె ఇంటికి వచ్చి మూట దించింది. శాంతయ్య బయట తిత్తికి తోలు కుడుతున్నాడు.

"ఎవురన్నా వచ్చినారా అత్తా?"

"వచ్చినాడు. టోపీ పెట్టుకోనుండాడు. మంచోడే. నాయుడింటి మజ్జిగ ఉంటే ఇచ్చినా, తాగినాడు."

"ఏమడిగినాడు?"

"ఈ ఇంట్లో ఎవురెవురు ఉంటారవ్వా అన్నాడు. ఉండేది నేనొకదాన్నే సామీ, నా కొడుకూ కోడలూ తిరగతా ఉంటారు అన్నాను. రాసుకున్నాడు."

శాంతయ్య సూది కింద పెట్టాడు. "ముగ్గురం ఉంటామంటే నీ నోరు పడిపోతాదా?"

"లేనోళ్లను ఉండారని ఎట్ల చెప్పేదిరా? లోపలికి తొంగి సూసినాడు. చాప ఒకటే పరిచుండాది. మీ చాపలు మీతోనే వచ్చినాయి గదా."

ఆ బండిలో పుట్టి పెరిగినవాళ్ల మాటలో ఉండటం అంటే కాలు కదపకుండా ఒకచోట నిలవడం. జబ్బు పడ్డవాళ్లు ఉంటారు, ముసలివాళ్లు ఉంటారు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు తిరుగుతారు. గంగులమ్మ అబద్ధం చెప్పలేదు.

సోమవారం మునిరత్నమ్మ ఊరి చావడికి పోయి కుప్పుస్వామిని పట్టుకుంది. ఆయన అర్జీ రాసిపెట్టి, ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

"మళ్లీ తనికీకి వస్తారమ్మా. ఆ దినం ఇంట్లో ఎవురుంటే వాళ్ల పేర్లు ఎక్కిస్తారు."

"యా దినం వస్తారు సామీ?"

"చెప్పి వస్తే అది తనికీ ఎట్లయితాది?"

సాయంత్రం ముగ్గురూ బండి ముందు కూర్చున్నారు.

"అందరం ఈడే ఉందాం. వచ్చి పోయేదాకా," అన్నాడు శాంతయ్య.

"ఉండి ఏం తినేది? ఊళ్లో గిన్నెలన్నీ తళతళమంటా ఉండాయి. నువ్వు పో. నేనుంటా."

"తిత్తి ఎవురూదేది?"

ఆమె లేచి, బండిలో ఉన్న తాడు తీసి ఒక కొస తిత్తి పిడికి కట్టింది. రెండో కొసకు ఉచ్చు వేసి అతని కాలి బొటనవేలికి తగిలించి, పొడవు చూసింది. కాలు ఆడించమంది. తిత్తి ఊపిరి వదిలింది.

"ఎద్దుకు ముకుతాడేసినట్టుండాదే," అంది గంగులమ్మ.

"నువ్వూరుకో," అన్నాడు శాంతయ్య. మళ్లీ కాలు ఆడించాడు.

మంగళవారం తెల్లవారాక గంపా తిత్తీ తనే మోసుకుని పోయాడు. శనివారం వచ్చినప్పుడు రెండు గిన్నెలు నల్లబడ్డాయని చెప్పాడు. వాటిని మళ్లీ తోమి, మళ్లీ వేసి ఇచ్చాడట. తరువాతి శనివారం ఒకటి. ఆపై శనివారం అతను ఆ సంగతి ఎత్తలేదు, ఆమె అడగలేదు.

మునిరత్నమ్మ నాయుడి దగ్గర కూలికి పోయింది. బండి కనిపించే చేలల్లో పనైతేనే ఒప్పుకుంది. చెనక్కాయలు ఒలుస్తూ దారిలో ఎవరు వస్తున్నా తల ఎత్తి చూసేది. ఒక మనిషి బియ్యంలో రాగిపిండి కలిపి సంగటి కెలికి, మొదటి ముద్ద అత్తకు పెట్టేది. శాంతయ్య వచ్చిన దినం తను నీళ్లు తాగి పడుకునేది.

తనికీ ఇన్‌స్పెక్టరు 1945 జనవరి 23, మంగళవారం ఉదయం వచ్చాడు. మునిరత్నమ్మ చేతిలో ఉన్న చెనక్కాయలు ఒడిలోనే ఉంచుకుని పరుగెత్తి వచ్చింది.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"ముగ్గురం సామీ. నేను, మా యత్త, మా ఇంటాయన."

"ఆయన ఎక్కడ?"

"పనికి పోయినాడు సామీ. శనివారం వస్తాడు."

"ఎక్కడికి పోయాడు?"

"పూతలపట్టు."

"రాత్రి అక్కడే పడుకుంటాడా?"

మునిరత్నమ్మ అత్త వైపు చూసింది. గంగులమ్మ నేల చూస్తూ కూర్చుంది.

"అవును సామీ," అంది మునిరత్నమ్మ.

ఆయన బండిలోకి వంగి చూశాడు. రెండు చాపలున్నాయి. పాత కార్డు తీసుకుని కొత్తది రాశాడు. ఇంటి నంబరు 112. పేర్లు రెండు, అత్తవీ కోడలివీ. కుటుంబ యజమాని అని ఉన్నచోట మునిరత్నమ్మ వేలిముద్ర వేయించాడు.

శాంతయ్య ఆ ఉదయం పూతలపట్టులో ఒక ఇంటి ముందు, కాలి తాడుతో తిత్తి ఊదుకుంటూ ఇత్తడి గిన్నెకు కళాయి వేస్తున్నాడు.