కుర్చీలో కూర్చున్నవాళ్లకే కథ

సెలూనాయనకి తన బావమరిదంటే కుళ్లు. చుట్టూ తిప్పి చెప్పడంలో లాభం లేదు, కుళ్లే. బయటికి మాత్రం "మావాడు బంగారమండీ, పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు" అనేవాడు. అంటూనే కుర్చీలో కూర్చున్నవాడి మెడ మీద దువ్వెన అవసరమైనదానికంటే గట్టిగా గీసేవాడు.

సంగతేమిటంటే, ఏడాది చివర బడులకు సెలవులిచ్చారు. లోకానికి సెలవులంటే సెలూనుకి పని. ప్రయాణాలున్నవాళ్లు, చుట్టాలు వచ్చేవాళ్లు, ఇంటిల్లిపాదీ ఫొటో దిగేవాళ్లు, అందరికీ తలలు ఒక్కసారే గుర్తొస్తాయి. అతని భార్య కొరియర్ ఆఫీసులో పార్శిళ్లు వేరు చేసే పనిలో ఉంది. ఆవిడకీ ఇవే రోజుల్లో పీకల దాకా పని. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? ఏడేళ్ల పిడుగు, ఇంకా నాలుగు నిండని బుడంకాయ. వాళ్లకి బడిలో పిలిచే పేర్లు వేరే ఉన్నాయిగాని ఇంట్లో వాటితో ఎవరికీ పనిపడలేదు.

"మా తమ్ముణ్ణి రమ్మంటాను, వాడికీ సెలవులేగా" అంది భార్య. సెలూనాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకున్న నోటిని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాడు.

బావమరిది ఒక బ్యాగుతో దిగాడు. దిగిన పూటే మంచం మీది దుప్పట్లు తీసి భోజనాల బల్ల చుట్టూ కట్టి గుడారం వేశాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో భోజనాలు బల్ల మీద కాదు, బల్ల కింద. మెతుకు ముట్టడానికి ఇల్లంతా పరిగెత్తించే బుడంకాయ ఆ చీకట్లో కూర్చుని కంచం నాకేస్తున్నాడు. స్నానమంటే రాగాలు తీసే పిడుగు "మామయ్యా, ఇవాళ నేనే ముందు" అని తువ్వాలు పట్టుకుని వరసలో నిలబడుతోంది. భార్య ఇదంతా మురిసిపోతూ చెప్పేది. వింటున్నంతసేపూ సెలూనాయన నవ్వుతూ ఉండేవాడు, లోపల మాత్రం లెక్కలు వేసుకునేవాడు. తండ్రై పుట్టించింది తను, అలిసిపోయి ఇంటికొచ్చేది తను, పేరు మాత్రం నిన్నగాక మొన్న వచ్చినవాడికి.

ఒక సాయంత్రం పంతం పట్టి పెందలాడే ఇంటికొచ్చాడు. తలుపు చప్పుడు వినగానే బుడంకాయ "మామయ్యొచ్చాడు" అంటూ పరిగెత్తుకొచ్చి, తండ్రిని చూసి ఆగిపోయాడు. పాలవాడి దగ్గరికి వెళ్లిన మామయ్య కోసం కాబోలు, గుమ్మం దాకా వచ్చి తండ్రి కాళ్ల మధ్యనుంచి బయటికి తొంగిచూశాడు.

"నేన్రా, నాన్నని. రా, గుర్రమెక్కు" అని సెలూనాయన మోకాళ్ల మీద వంగాడు. పొద్దుటి నుంచి నిలబడ్డ నడుం. రెండడుగులు వేసేసరికి కీళ్లన్నీ ఒక్కొక్కటిగా హాజరు పలికాయి.

బుడంకాయ వీపు మీద కూర్చుని కాసేపు ఓపిక పట్టాడు. "ఇది పాడైపోయిన గుర్రం. మామయ్య గుర్రం పరిగెడుతుంది" అని దిగిపోయాడు.

వెనకే వచ్చిన బావమరిది అది విని నవ్వాడు. నిజానికి అందులో ఎగతాళేమీ లేదు. కానీ సెలూనాయనకి ఆ క్షణాన వాణ్ణి చిన్నపిల్లాణ్ణి గిల్లినట్టు గట్టిగా గిల్లాలనిపించింది.

ఒక్క విషయంలో మాత్రం అతనికి ధైర్యం ఉండేది. పిల్లల జుట్టు. పుట్టినప్పట్నుంచీ వాళ్ల తలల మీద అతని కత్తెర తప్ప ఇంకొకరిది పడలేదు. గుడారాలు ఎవడైనా కడతాడు, గుర్రాలు ఎవడైనా అవుతాడు, ఆ రెండు తలలూ మాత్రం తనవి. ఎటొచ్చీ, ఈ సెలవుల్లో వాటిని పట్టించుకోవడానికే తీరిక దొరకలేదు. పిడుగు ముందు జుట్టు కళ్లలోకి దిగింది. "నాన్నా, నాకెప్పుడు?" అంటే, "ఇంట్లోదేగా, రేపు చేద్దాం" అనేవాడు. ఆ రేపు రోజూ రేపటికే పోయేది. చివరికి మామయ్య దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పు తీసి దాని నెత్తిన తగిలించాడు. అది కూడా సెలూనాయనకి నచ్చలేదు.

సెలూను సంగతి కొంత చెప్పాలి. అతని దగ్గరికి పిల్లల్ని ఎక్కడెక్కడి నుంచో తీసుకొచ్చేవారు. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దాని మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, గుడ్డ కప్పి, చెవి దగ్గరికి వంగి కథ మొదలుపెట్టేవాడు. "సార్, మీ జుట్టు అడవిలో ఒక రాజుగారు దారి తప్పారు. గుర్రం మీద ఉన్నారు. మనం చెట్లు కొట్టి ఆయనకి దారి చెయ్యాలి. మీరు తల కదిపారా, గుర్రం బెదురుతుంది." కత్తెరని చూస్తేనే కెవ్వుమనే పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. రాజుగారు చెవి వెనక మలుపు తిరిగేవారు, సుడి దగ్గర గుండ్రంగా తిరిగి తిరిగి విసుక్కునేవారు, చివరికి మెడ మీద నుంచి బయటపడేవారు. ఒక పిల్లవాడికి చెప్పినట్టు ఇంకొకడికి చెప్పేవాడు కాదు. సుడి ఎక్కడుంటే కథ అక్కడ తిరిగేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఇంటికెళ్లాక మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం బావమరిది పిల్లల్ని వెంటబెట్టుకుని అన్నం క్యారియరు తెచ్చాడు. అప్పుడు కుర్చీలో ఒక బొద్దు పిల్లవాడున్నాడు, రాజుగారు సరిగ్గా సుడి దగ్గర ఉన్నారు. పిడుగు వచ్చి కుర్చీకి ఆనుకుని నిలబడింది. నోరు తెరుచుకుని వింటోంది.

"ఇక్కడొద్దమ్మా, వెంట్రుకలు కళ్లలో పడతాయి. మామయ్యతో వెళ్లు" అన్నాడు తండ్రి.

"రాజుగారు బయటికొచ్చేదాకా ఉంటాను."

"చెప్పానా? వెనక ఎంతమంది ఉన్నారో చూడు. వెళ్లు."

పిడుగు వెళ్లింది. అద్దాల తలుపు అవతల ఆగి, కుర్చీలో పిల్లవాణ్ణి చాలాసేపు చూసింది. సెలూనాయన కంటికి అది కనపడలేదు. అతని కంటికి కనపడింది ఒక్కటే, దాని చెయ్యి మామయ్య చేతిలో ఉండడం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇల్లు వింతగా నిశ్శబ్దంగా ఉంది. గుడారంలోంచి బుడంకాయ తల బయటపెట్టి, "అక్క జుట్టు పోయింది" అని వార్త చెప్పి లోపలికి లాక్కున్నాడు. పిడుగు గోడవైపు తిరిగి నిలబడింది. భుజం పట్టి తిప్పాడు. ముందు జుట్టు ఒకవైపు కనుబొమ మీద వేలాడుతోంది, ఇంకోవైపు నుదురంతా బోడిగా తేలింది. ఎలక కొరికిన గుడ్డలా ఉంది.

"ఎవరు చేశారు?"

పిడుగు కింది పెదవి బిగించింది. వంటగదిలోంచి బావమరిది వచ్చాడు. పిల్లవైపు ఒకసారి చూశాడు.

"నేనే బావా. కళ్లలో పడుతోందని కొంచెం తీద్దామనుకున్నా. వంకరపోయింది."

అంతే. ఇన్నాళ్లూ మూత పెట్టిందంతా పొంగింది.

"తీద్దామనుకున్నావా? ఈ ఇంట్లో నువ్వు తియ్యనిదేముంది? తిండి నువ్వే, ఆట నువ్వే, నిద్దర్లో కూడా మామయ్యా మామయ్యా. నాకు మిగిలింది ఈ తలొక్కటి. అదీ చాలలేదా నీకు?"

"బావా, చిన్నపిల్ల భయపడుతోంది, మెల్లగా..."

"నా పిల్లతో ఎలా మాట్లాడాలో నువ్వు నేర్పకు. రేపు పొద్దున్నే బ్యాగు సర్దుకుని బయల్దేరు."

ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏం మాటలండీ అవి?" అంది. ఆవిడ ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. పళ్లెం మాత్రం ఇల్లంతా వినపడేలా పెట్టింది. బల్ల కింద ఎవరూ తినలేదు. బావమరిది దుప్పట్లు విప్పి, మడతపెట్టి, మంచం మీద పెట్టాడు. బుడంకాయ ఆ మడతల్ని పట్టుకుని ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. సెలూనాయన గెలిచాడు. గెలిచినవాడికి నిద్ర పట్టాలి కదా, పట్టలేదు.

పొద్దున్నే సెలూను తెరవకముందే కూతుర్ని తీసుకెళ్లాడు. ఆ తలతో దాన్ని పదిమందిలోకి ఎలా పంపుతాడు? బస్సుకి వెళ్లే దారి అదే కాబట్టి బావమరిది కూడా బ్యాగుతో వెనకాలే నడిచాడు. పిడుగు దారంతా మామయ్య చొక్కా అంచు వదల్లేదు. సెలూను దగ్గర "ఒక్క నిమిషం, ఇది ఏడవకుండా కూర్చున్నాక వెళ్తాను" అని బావమరిది గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు.

సెలూనాయన చెక్క వేసి, పిడుగుని ఎత్తి కూర్చోబెట్టి, గుడ్డ కప్పాడు. దువ్వెనతో ముందు జుట్టు కిందికి దువ్వి, మొదటిసారి దాన్ని కోపంతో కాక కంటితో చూశాడు.

చూసేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఏ తల మీద ఎలాంటి చెయ్యి పడిందో కోత చూసి చెప్పగల మనిషి అతను. ఎదురుగా నిలబడ్డ పెద్దవాడు కత్తిరిస్తే కోత పైనుంచి వస్తుంది. ఇది గడ్డం కిందనుంచి వచ్చి పైకి ఎగిరింది. అద్దంలో చూసుకుంటూ తన జుట్టు తనే పట్టుకుని కత్తిరించుకున్న కోత. అదీ ఎడమ చేత్తో. కొసలకి జిగురు అంటుకుని ఉంది, బడి కాగితాలు కత్తిరించే మొండి కత్తెర జిగురు. బావమరిది అన్నీ కుడి చేత్తోనే చేస్తాడు. ఎడమచేతి వాటం ఆ ఇంట్లో ఒక్కరికే. పలక పట్టిన రోజు ఆ చేతిని చూసి, "నా పిడుగు అందరిలాంటిది కాదు" అని మురిసింది తనే. ఇదంతా నిన్న సాయంత్రం కూడా ఆ నుదుటి మీదే ఉంది. కుళ్లు కళ్లకి అడ్డం పడింది, అంతే.

"నువ్వే కత్తిరించుకున్నావా?" అన్నాడు, గొంతు తనకే వినపడనంత చిన్నగా.

పిడుగు కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కొయ్యబొమ్మలా కూర్చుని ఉంది.

"నాన్న కొట్టడులే. చెప్పు."

"మాట్లాడించకు నాన్నా" అంది పెదాలు కదపకుండా. "తల కదిలితే గుర్రం బెదురుతుంది. కథ మొదలుపెట్టు."

అతను దువ్వెన పక్కన పెట్టి, "ఎందుకమ్మా ఇలా చేశావు?" అన్నాడు.

"నాకు రేపు, రేపు అంటావు. బాగా పాడైపోతే ఇవాళే చేస్తావని" అంది. ఒక్క కన్ను మాత్రం తెరిచి అద్దంలో తండ్రిని చూసింది. "మామయ్యని అడిగాను. రాజుగారి కథ తనకి రాదన్నాడు. అది మీ నాన్న కుర్చీలోనే దొరుకుతుందన్నాడు. ఆ లావు అబ్బాయికి చెప్పావు, రోజూ అందరికీ చెప్తావు. నాకు వాళ్లందర్నీ గిల్లాలనిపిస్తుంది నాన్నా."

సెలూనాయనకి తల కొట్టేసినట్టయింది. గిల్లాలనిపించడం ఎలా ఉంటుందో ఆ వీధిలో అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. తను బావమరిది మీద కుళ్లుకుంటూ కూర్చున్న రోజులన్నీ, ఈ పిల్ల అద్దాల తలుపు అవతల నిలబడి కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద కుళ్లుకుంది.

బల్ల మీద బావమరిది బ్యాగు భుజానికి తగిలించుకుంటున్నాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

"నువ్వే చేసినట్టు ఎందుకన్నావోయ్?"

"నిన్న మీ మొహం చూశాక ఇంకేమనమంటారు బావా? నన్నంటే పడతాను. దాన్నంటే అది పడలేదు."

"తప్పు నాది. నిన్నటి నుంచి కాదు, నువ్వొచ్చిన రోజు నుంచీ నాదే. ఆ బ్యాగు దింపు" అన్నాడు సెలూనాయన. "ఇంటికెళ్లి ముందు ఆ దుప్పట్లు కట్టు. మీ అక్క నన్ను మళ్లీ మనిషిలా చూడాలి. బుడంకాయ తిండి తినాలి. మధ్యాహ్నం నేనూ వస్తాను, బల్ల కింద నాకూ కాస్త చోటుంచు."

"మీరు పడతారా అందులో?"

"మోకాళ్లు మడిస్తే పడతాను."

బావమరిది వెళ్లాడు. ఇంతలో తలుపు అవతలికి ఒకాయన కొడుకుని చెయ్యి పట్టుకుని వచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. సెలూనాయన వెళ్లి "కొంచెం ఆలస్యమవుతుందండీ" అని చెప్పి, తలుపు మూసి, వెనక్కి వచ్చాడు. కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"మేడమ్, మీ జుట్టు అడవిలో ఒక రాజుగారు దారి తప్పారు."

"గుర్రం మీదా?"

"గుర్రం మీదే. ముసలి గుర్రం. పరిగెత్తలేదు పాపం. కానీ ఆయన దాన్ని వదిలిపెట్టరు."

కత్తెర మెల్లగా నడిచింది. రాజుగారు వంకర పొదలు దాటారు, చెవి దగ్గర వాగు దాటారు, సుడి దగ్గర ఆగి అన్నం తిన్నారు. ఇంతకుముందు ఏ పిల్లవాడికీ ఆయన అక్కడ అన్నం తినలేదు. బోడి నుదురుకి చెయ్యగలిగిందేమీ లేదు, అది పెరగాల్సిందే. మిగతాది ఎంత సర్దాలో అంతా సర్దాడు. పని అయిపోయింది. రాజుగారు మాత్రం ఇంకా నడినెత్తినే ఉన్నారు.

పిడుగు కళ్లు తెరవలేదు. ఒళ్లో గుడ్డ మీద చేత్తో తడిమి చూసింది.

"నాన్నా, వెంట్రుకలు పడట్లేదు."

"కదలకు. గుర్రం బెదురుతుంది" అన్నాడు సెలూనాయన. జుట్టుకి తగలకుండా, దాని తల పైన ఉత్త గాలిలో కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు.