వేపచెట్ల కింద రణపాల

మా అత్త సమ్మమ్మ ఊడ్చిన వాకిట్లో నడవాలంటే చీమలకు కూడా భయమే. గిర్మాజీపేటలోని మా ఇంటి ముందు రెండు వేపచెట్లుండేవి. కోడి కూయకముందే లేచి, వాటి కింద ఒక్క పండుటాకు మిగలకుండా ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గేస్తే గానీ ఆమెకు చాయ్ గొంతు దిగేది కాదు.

ఆకుతో పాటు పొరక మట్టిని కూడా లాక్కుపోతోందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. మిగిలింది వానలు కడుక్కుపోయాయి. ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలానికి వేర్లు ముసలివాళ్ల చేతి నరాల్లా పైకి తేలాయి. పెద్ద చెట్టు మా పెంకుల వైపు కొంచెం ఒరిగింది.

మా ఆయన సారంగపాణి మిల్లు నుంచి వచ్చి, బయటపడ్డ వేరు మీద కాలు పెట్టి చూశాడు.

"బతుకమ్మ పండుగ దాటంగనే కట్టెలు కొట్టే మొగిలన్నతోని రెండు చెట్లూ కొట్టిపిస్త. మీద పడ్డంక ఏడ్సుడెందుకు?"

ఆ నీడలోనే నా కుట్టుమిషన్ ఉండేది. ఇల్లంటే రెండే గదులు, పగలే చీకటి. జాకెట్లు కుట్టుకుంటూ, దారిన పోయేవాళ్లను పలకరించుకుంటూ నేను హాయిగా ఊపిరి తీసుకునే చోటు అదొక్కటే. చెట్లు పోతే మిషన్ వంటింట్లోకి పోతుంది, దాని వెనకే నేనూ.

"మట్టి నిలిస్తే చెట్టు నిలుస్తది గదా. ఈ వానకాలంల మట్టి పోకుంటె కొట్టియ్యకుండ్రి," అన్నాను.

"నిలిస్తే సూద్దాం," అన్నాడాయన.

అప్పటి నుంచి మొక్క కోసం నా వెతుకులాట. నేలను కప్పి మట్టిని పట్టి ఉంచాలి, నీడలో బతకాలి, ఎండాకాలంలోనూ పచ్చగా ఉండాలి, నీళ్లు మాత్రం అడగకూడదు. ధర్మసాగర్ చెరువు నీళ్లు మా నల్లాలో తాగడానికి వస్తేనే గొప్ప. గరిక నాటితే నీడకు పాలిపోయి చచ్చింది. బంతి సన్నగా సాగి, పూయకుండానే ఒరిగింది. మల్లె బిందెలకు బిందెలు తాగి కూడా అలిగింది. ఇన్ని షరతులకు ఒప్పుకునేది లోకంలో కోడలు ఒక్కతేనేమో అనిపించింది.

అంతలో అత్త కాలికి తుమ్మముల్లు దిగి వాచింది. పాలు పోసే కట్టమ్మ రణపాల ఆకులు నాలుగు తెచ్చి, "నిప్పుల మీద జర ఎచ్చజేసి కట్టు బిడ్డా," అంది. ఒకటి కట్టాను. మిగిలినవి క్యాలెండర్ వెనక మేకుకు గుచ్చి మరిచిపోయాను.

మృగశిర ఎప్పుడొస్తుందో చూద్దామని ఒకరోజు క్యాలెండర్ ఎత్తాను. వెనక రణపాల ఆకులు బతికే ఉన్నాయి. ఒక ఆకు అంచున ప్రతి గంటులోనూ ఒక చిన్న మొక్క, దానికి దారం పోగుల్లాంటి వేర్లు. మట్టి లేదు, చుక్క నీరు లేదు. నాకే ఊపిరాడని ఆ గదిలో, గోడకు వేలాడుతూ ఆకు పిల్లల్ని కంటోంది. దండం పెట్టాలో, ఎవరినైనా పిలవాలో తెలియలేదు.

మర్నాడే కట్టమ్మ దొడ్లోంచి గంపెడు ఆకులు తెచ్చి చెట్ల కింద పరిచాను.

"అత్తమ్మా, ఈడ ఊడ్వకు," అన్నాను.

"ఊడ్వని వాకిట్లకు లచ్చిమి ఎట్లొస్తదే?" అంది, మానుతున్న కాలు సవరించుకుంటూ.

తెల్లారేసరికి ఊడ్చేసింది. నా ఆకులు తునకలు తునకలై, వేపాకు చెత్తతో కలిసి వేర్ల మధ్య గుంతల్లో ఉన్నాయి. చెత్తనంతా అక్కడికి తోసి, ఎండాక కాల్చడం ఆమె పద్ధతి. నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆమెతో మాట మానేసి, జాకెట్ చంకలు వంకరగా కుట్టాను.

ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది. పది రోజులు ముసురు విడవలేదు. చెత్త కాల్చడానికి లేదు, బురదలో ఊడ్వడానికీ లేదు. ముసురు విడిచిన పొద్దున అత్త నన్ను పిలిచింది. పొరక చేతిలోనే ఉంది, వంగడం మాత్రం మరిచిపోయినట్టుంది.

గుంతల నిండా పచ్చటి మొలకలు. సగం ఆకుకు, పావు ఆకుకు, పొరక చీల్చిన తునకకు కూడా పిల్లలే. మట్టి ఎక్కడ పోయిందో సరిగ్గా అక్కడే మొలిచాయి. అత్త గొంతుక్కూర్చుని ఒక మొలకను వేలికొనతో తాకింది.

"నేను సంపిన అనుకున్న గదనే," అంది మెల్లగా. "ఇన్ని పానాలు యాడ దాసుకున్నదే ఇది?"

నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. నా కోపం పోయింది.

బతుకమ్మ పండుగ దాటింది. మొగిలయ్య గొడ్డలి, మోకు పట్టుకొని వచ్చాడు. మా ఆయన వేరు చూపిద్దామని వంగి, జానెడెత్తు పెరిగిన రణపాలను పక్కకు జరిపాడు. వేరు కనిపించలేదు. చెయ్యి పెడితే, కుళ్లిన వేపాకుతో కలిసి రణపాల వేర్లు పట్టి ఉంచిన మెత్తటి నల్లమట్టి తగిలింది.

"వాన నీళ్లల్ల మట్టి పోలేదా?" అన్నాడు నా వైపు చూసి. చెట్టు ఒరిగిన కాడికే ఆగింది.

మొగిలయ్యకు ఇదేమీ తెలియదు. మోకు భుజాన వేసుకొని చెట్టు మొదలు వైపు నడవబోయాడు. అత్త పొరక అడ్డం పెట్టింది.

"కాలు సూసి పెట్టు మొగిలీ. పసిపిల్లలున్నరు."

మా ఆయన మొగిలయ్యకు చాయ్ తాగించి పంపాడు.

మర్నాడు పొరక చప్పుడు, ఆ ముసురు నుంచీ అలవాటైనట్టే, చెట్ల దాకా రాకుండా ఆగింది. బయటికి వచ్చి చూస్తే, అత్త రణపాల అంచు దాకా మాత్రమే ఊడ్చి, ఈసారి చెట్ల చుట్టూ కూడా వంగి నడుస్తూ ముగ్గు వేస్తోంది. నేను మిషన్ తెచ్చి నీడలో పెట్టుకున్నాను.