గీతల్లేని వేలు

నవ్వుతూ వెళ్లేవాళ్లు గొడవ పెట్టరు, అందుకే విశాఖ నుంచి టై కట్టుకున్న ఆ ట్రైనర్‌ని పిలిపించాను, పొద్దున్నుంచీ మిల్లు కళ్లంలో మైకు పట్టుకుని చెబుతున్నాడు, మార్పుకు భయపడకండి, మంచే జరుగుతుందనుకోండి, లక్ష్యాన్ని కాగితం మీద పెట్టండి, రాసింది జరుగుతుంది అని, నిజమే, నాకు జరగలేదా, జనవరిలో అద్దానికి అతికించుకున్నాను, జీడిపిక్కలు కొట్టే రెండు మిషన్లు రావాలి, ముప్పై మంది ఆడవాళ్లు పోవాలి అని, రోజూ గడ్డం గీసుకుంటూ చదివాను, మిషన్లు వచ్చేశాయి, షెడ్డులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు, ఇక మిగిలింది రెండో సగం, చదువొచ్చినవాళ్లు గులాబీ కాగితాలు రాసి గోడకు అంటించారు, ఒకామె కూతురికి నర్సింగ్ సీటట, అంటించనీ, గోడకు పోయేదేముంది, ఇదిగో జగదాంబ వస్తోంది, ఇరవై రెండేళ్లుగా నా జీడిపిక్కలు కొడుతున్న చేయి, ఒకప్పుడు పప్పు విరక్కుండా గుండుగా తీసేది, ఇప్పుడన్నీ ముక్కలే, ముక్కకు విలువేముంది, బాబూ, నాకు రాత రాదు గదా, నువ్వే రాసెయ్యి, ఏటి రాయమంటావు అన్నాను, మిసను నేర్సుకుని ఇక్కడే ఉండిపోవాలని రాయి బాబూ, ఇంటాయనకి వారానికి రెండుసార్లు డయాలిసిసు, ఈ పని పోతే నానెక్కడికెల్తాను.

రాశాను, ఇరవై రెండేళ్లుగా మీ మిల్లులో పిక్కలు కొడుతున్న జగదాంబ అనే నేను నా ఇష్టప్రకారం పని మానుకుంటున్నాను, నాకు రావలసిందేమీ లేదు, ఓపాలి సదువు బాబూ అంది, మిషను నేర్చుకుని ఇక్కడే ఉండిపోవాలి, అని చదివాను, తూకం దగ్గర తడబడని గొంతు ఇక్కడెందుకు తడబడుతుంది, బాగా రాసినావు బాబూ, నా మనసులో ఉన్నట్టే ఉంది, ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది నొక్కింది, నల్లటి మచ్చ పడింది, గీత ఒక్కటీ లేదు, మళ్లీ నొక్కమన్నాను, మళ్లీ మచ్చే, పకపకా నవ్వింది, ఏల్లో గీతలుంటే గదా పడ్డానికి, నీ పిక్కల నూనె తినీసింది, మొన్న రేసను మిసను కూడా నాను నాను కాదంది, మా ముసలోడ్ని అడగండ్రా, నానో కాదో సెప్తాడన్నాను, వరసలో వాళ్లంతా ఒకటే నవ్వు, ట్రైనర్ అందరిచేతా చప్పట్లు కొట్టించాడు, పాజిటివ్‌గా ఉండటమంటే ఈ అమ్మను చూసి నేర్చుకోవాలట.

ఆమె షెడ్డులోకి వెళ్లి కొంగుతో మిషను కవరు మీద దుమ్ము తుడుస్తోంది, నేను కాగితం మడవబోయి ఆగాను, హాజరు పుస్తకంలో ఆమె పేరు ఏనాడూ ఎక్కించలేదు, కార్డు ఇవ్వలేదు, చీటీ ఇవ్వలేదు, ఎప్పుడు ఏ ఆఫీసు మెట్లెక్కినా నీకూ ఆ మిల్లుకూ ఏం సంబంధమని వాళ్లే అడిగేలా ఇన్నేళ్లూ జాగ్రత్తపడ్డాను, మరి నేను చేసిందేమిటి, ఇరవై రెండేళ్లు అని నా దస్తూరీతో నేనే రాశాను, దాని కింద ఆ మచ్చ, అది జగదాంబదని ఏ మిషనూ చెప్పలేదు, కానీ ఏ పని చేస్తే వేలు అలా అవుతుందో మా పలాసలో ఎవరినడిగినా చెబుతారు, చించేశాను, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు, పిడికిట్లో పట్టుకుని తలెత్తాను, రుజువు ఈ కాగితంలో లేదు, అదిగో, పది వేళ్లతో నా మిషను తుడుస్తోంది.