బ్యాటరీకి ఉపవాసం

ఆర్మూర్‌లో పెళ్లి వీడియోలు తీసే గంగాధర్‌కు ఒక నియమం ఉండేది. సగం వాడిన బ్యాటరీని చార్జింగుకు పెట్టడు. పాత కెమెరాది నికెల్ కాడ్మియం బ్యాటరీ. సగంలో చార్జి చేస్తే అది ఆ సగానికే అలవాటు పడుతుందని ఎవరో చెప్పారు. అందుకని టార్చి బల్బు తగిలించి, అది పూర్తిగా ఆరిపోయాకే చార్జి చేసేవాడు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే అలాగే ఖాళీ చేసి, దేవుని అల్మారాలో భద్రంగా పెట్టేవాడు. “నువ్వు ఏకాదశికి ఉపాసం, గది మూఢానికి. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు” అనేది భార్య.

ఆ ఏడు బావమరిది షార్జా నుంచి కొత్త కెమెరా తెచ్చాడు. దానిది లిథియం బ్యాటరీ. మూఢమూ ఆషాఢమూ కలిసి నాలుగు నెలలు పెళ్లిళ్లు లేవు. గంగాధర్ దానికీ ఉపవాసం పెట్టాడు.

శ్రావణంలో మొదటి పెళ్లి వేల్పూర్‌లో, నీలవ్వ బిడ్డ తారది. తండ్రి భూమన్నకు మస్కట్‌లో సెలవు దొరకలేదు. “నా బిడ్డ పెండ్లి నేను జూసేది నీ క్యాసెట్లనే, అన్నా” అని ఫోనులో చెప్పాడు. రెండు రోజుల ముందు గంగాధర్ బ్యాటరీని చార్జర్‌లో పెడితే దీపం వెలగలేదు. పాత కెమెరా ఎప్పుడో అమ్మేశాడు. ఇలాంటి బ్యాటరీ హైదరాబాదులోనూ దొరకలేదు.

బస్టాండు దగ్గర బ్యాటరీల దుకాణం మన్సూర్‌ది. కువైట్‌లో ఆ పనే నేర్చి వచ్చాడు. మీటరు పెట్టి చూశాడు.

“ఏం జేసినవ్ గంగాధర్ భాయ్? ఏడు వోల్టులుండాలె. ఒక్కటి గూడ లేదు.”

“ఉపాసం పెట్టిన.”

“రోజా, ఉపాసం మనకు గని, దీనికెందుకు?” మన్సూర్ నవ్వి, అతని ముఖం చూసి నవ్వు ఆపాడు. “దీంట్ల రాగి రేకుకు బొగ్గు పూస్తరు. చార్జి పెడితే లిథియం పోయి గా బొగ్గు పొరల సందుల కూసుంటది. వాడితే మళ్ల ఇంటికొస్తది. ఖాళీ జేసి నెలలకు నెలలు పడేస్తే రాగే కరుగుతది. దీన్ని సగం చార్జితోని దాచాలె.”

“లారీ బ్యాటరీకి తగిలించి గట్టిగ ఒక్కపారి ఎక్కిస్తే?”

“పెండ్లిల మంట లేస్తది. జర పానముంటే సన్న కరెంటుతోని మెల్లగ లేపుదును. పానమే లేదు.”

ఇన్నేళ్లు పాటించిన నియమానికి కారణం ఏమిటని తాను ఒక్కసారైనా అడగలేదే అనుకున్నాడు గంగాధర్. అడిగితే నియమం చిన్నబోయేదా?

వేల్పూర్ వెళ్లి నీలవ్వ దగ్గర తప్పు ఒప్పుకున్నాడు. ఆమె గోడకున్న స్విచ్చిబోర్డు వైపు చూసింది.

“ఇంట్ల కరెంటుతోని నడ్వదా?”

“నడుస్తది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడే పోతే?”

“మా ట్రాక్టరుకు బ్యాటరీ ఉన్నది గద!”

మన్సూర్ పన్నెండు వోల్టులను ఏడుకు తగ్గించే డబ్బా ఒకటి కట్టిచ్చాడు. ప్రహరీ లోపల, పందిరి పక్కనే ట్రాక్టరు నిలిపారు. తీగ ముప్పై అడుగులు. అంతకన్నా పొడుగైతే వోల్టేజి పడిపోయి కెమెరా ఆగిపోతుంది. పెళ్లిలో కరెంటు రెండుసార్లు పోయినా జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఏడడుగులు అన్నీ క్యాసెట్లోకి ఎక్కాయి.

అప్పగింతలప్పుడు తార ఏడుస్తూ వాకిలి దాటింది. గంగాధర్ వెంట నడిచాడు. వీధి గడప దగ్గర తీగ బిగుసుకుని ఆగిపోయాడు. జీపు ఎక్కేటప్పుడు ఆమె వీపు మాత్రమే కెమెరాకు దొరికింది.

“ఆఖరుకు బిడ్డ ముఖం రాలె, చెల్లె. భూమన్నకు ఉత్తరం రాసి చెప్త” అన్నాడు.

నీలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“రాయకు అన్నా. గా గడప కాడ్నే నిలబడ్డ నేను. నాకు గూడ గంతనే కనబడ్డది.”