కదలని ముప్పై ఎనిమిది

...లేక అది నిజంగానే ముప్పై ఎనిమిది దగ్గర ఆగి ఉండవచ్చు, గాలి ఒక్కోసారి అలా స్థిరపడుతుంది, మే నెల మధ్యాహ్నం ఎర్రగుంట్లలో ఏదీ కదలదు, అంకె మాత్రం ఎందుకు కదలాలి. ప్రదీప్‌కుమార్ తెర మీదకు ఇంకాస్త వంగాడు. బొగ్గుపొడి బంకరు, విషవాయువు: 38. ఉదయం నుంచి ఆ అంకె ముప్పై ఆరుకూ ముప్పై తొమ్మిదికీ మధ్య ఊగుతూనే ఉంది. అతను నెట్‌వర్క్ కార్డు తీసేసిన క్షణం నుంచి ఊగడం మానింది.

సిమెంటు ఫ్యాక్టరీ సర్వర్ గదిలో అతనొక్కడే ఉన్నాడు. ఏసీ పాడై రెండు రోజులైంది. పాత సర్వరు ఉడికిపోతోంది. వేడి తొంభై దాటితే తనంతట తానే ఆగిపోతుంది. ఇప్పుడు ఎనభై ఏడు. దాని లోపల ఒక వర్చువల్ మిషన్ నడుస్తోంది. సొంత ఇనుమంటూ లేక, మరో యంత్రం ఒంట్లో బతికే యంత్రం. ఫ్యాక్టరీలో మీటర్లు చెప్పే అంకెలన్నీ కంట్రోల్ రూముకు చేరవేసేది అదే. దాన్ని ఆపకుండా, నడుస్తుండగానే, పక్కనున్న కొత్త సర్వరులోకి మార్చాలి.

అందులో ఒక చిక్కుంది. వేగం కోసం ఆ మిషన్‌కు అసలు నెట్‌వర్క్ కార్డునే నేరుగా అప్పగించారు. మిషన్ మెదడులో ఉన్నదంతా కాపీ చేసి అవతలికి పంపవచ్చు కానీ, ఇనుప కార్డును పంపలేం. కాబట్టి ముందు దాన్ని విడదీయాలి. దారిలో ఉన్నంతసేపూ నెమ్మదైన రెండో కార్డు, సాఫ్ట్‌వేర్‌తో తయారైన స్టాండ్‌బై, భారం మోయాలి. అవతలికి చేరాక అక్కడి ఇనుప కార్డు అందిస్తే మళ్ళీ మామూలే.

విడదీశాడు. స్టాండ్‌బై పక్కన పచ్చ గుర్తు వెలిగింది. కాపీ ముప్పై ఒక్క శాతం. ఇంకా పదకొండు నిమిషాలు.

పచ్చ గుర్తు చెప్పేది ఒక్కటే, తీగ తగిలించి ఉందని. ఆ తీగ రెండో కొస ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో ఉందో, దేనితోనూ కలవని ఖాళీ రంధ్రంలో ఉందో దానికి తెలియదు. తెలియాలంటే ఎప్పుడో ఒకసారి కార్డు తీసి చూసి ఉండాలి. కొత్త అంకె రాకపోతే కంట్రోల్ రూములోని పాత ప్రోగ్రాము ఖాళీగా కూడా చూపించదు. చివరగా అందిన అంకెనే పట్టుకుని ఉంటుంది.

కానీ తను తీసి చూశాడు. స్టాండ్‌బై టెస్టుల రిజిస్టరులో 2009 ఏప్రిల్ 10 ఎదురుగా టిక్కు ఉంది, సంతకం ఉంది. అంతకంటే ముఖ్యం, అతనికి గుర్తుంది. కార్డు తీయడం, అంకెలు ఆగకుండా నడవడం, గుమ్మం దగ్గర లేవి చెప్పులు విడిచి చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించి, "మీ గదిలో ఎండాకాలమే లేదు సారూ, ఈ చల్లదనం మాకూ ఒక బకెట్టు పోయండి" అనడం. లేవి కాంట్రాక్టు కూలీల మేస్త్రీ, ఆలూరు వైపు వాడు. ఆ నవ్వు కూడా గుర్తుంది. అంత స్పష్టంగా గుర్తున్నది జరగకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు లేవి బంకరులో, బొగ్గుపొడి నిల్వ చేసే ఆ ఇనుప తొట్టిలో ఉన్నాడు. గోడలకు గట్టిపడిన బొగ్గుపొడిని గీకడానికి ఇంకో ఇద్దరితో దిగాడు. పొడి లోలోపల రాజుకుంటే వాసన లేని వాయువు పుడుతుంది. చేత పట్టుకునే మీటరు రిపేరుకు పోయి నెలయింది. అందుకే కంట్రోల్ రూములో కంబన్న ఆ అంకెను చూస్తూ కూర్చున్నాడు. యాభై దాటితే వాళ్ళను పైకి పిలుస్తాడు.

ప్రదీప్ ఫోను తీసి కంట్రోల్ రూముకు కలిపాడు.

"ఏం సెట్టీ, అయిపాయనా నీ సంసారం మార్చేది?" కంబన్న గొంతు. అతనికి ప్రదీప్ ఎప్పుడూ సెట్టీయే.

"ఇంకా లేదు. బంకరు అంకె ఎట్లుండాది కంబన్నా?"

"ముప్పై ఎనిమిది. పొద్దున్నించీ కోతి మాదిరి ఎగురుతాండె, ఇప్పుడు బుద్ధిగా కూచోనుండాది. ఏం, ఎందుకడుగుతాండావు?"

"ఊరికే."

ఊరికే. ఆ మాట తన నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ప్రదీప్ గమనించాడు. అనుకుని అన్నది కాదు. తన లోపల ఎవరో ముందే తయారు చేసి పెట్టుకున్నట్టు వచ్చింది.

"లైన్లో ఉండప్పా, లేవి పిలుస్తాండాడు." కంబన్న రిసీవరును బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత వాకీటాకీ గరగర. ఇనుప గోడల మధ్య నుంచి లేవి గొంతు.

"అన్నా, ఇంగో గంట పడతాది. అడుగున బెల్లం పాకం మాదిరి పట్టుకోనుండాది."

"గంటా! గుడ్ ఫ్రైడే నాడు ఎగ్గొట్టి పోతివి, ఆ పని గూడా ఈ పొద్దే చెయ్."

"ఎగ్గొట్టేది యాడిదన్నా? పొద్దున్నించీ మాపు దాకా మా ఊరి చర్చిలోనే ఉంటి. నా పెండ్లాం విశ్వాసమ్మనే అడుగు."

"ఆయమ్మ నిన్ను యాడ ఇడిసిపెట్టిందిలే!"

లేవి నవ్వబోయి దగ్గాడు. "అన్నా, తల శానా దిమ్ముగా ఉండాది. జోసెఫ్ గూడా అదే అంటాండాడు."

"ఎండప్పా. లచ్చల దుడ్లు పోసి కొన్న మిషను ముప్పై ఎనిమిది అంటాండాది, నీ తలకాయ మాట నమ్మల్నా? నీళ్ళు తాగు."

ప్రదీప్ రిసీవరును చెవికి గట్టిగా అదుముకున్నాడు. గుడ్ ఫ్రైడే. ఏప్రిల్ పది. ఆ రోజు క్యాంటీను మూసి ఉంది, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకుని ఈ కుర్చీలోనే తిన్నాడు. లేవి ఇక్కడ లేడు. గుమ్మంలో ఎవరూ లేరు. కంబన్నే ఫోను చేసి, కిల్న్ బట్టీ ఇప్పుడే వెలిగించినాం, ఏదీ ముట్టుకోవద్దు సెట్టీ అన్నాడు. సరే రేపు చూద్దామనుకుని టిక్కు పెట్టాడు. టిక్కు పెట్టాక పని అయిపోయినట్టు మనసు తేలికపడింది. ఆ తేలికదనానికి ఒక కారణం కావాల్సి వచ్చి, తర్వాత్తర్వాత మనసే మెల్లగా ఒక మధ్యాహ్నాన్ని అల్లింది. వేరే రోజున లేవి అన్న మాటను తెచ్చి అందులో అతికించింది. ఇన్ని వారాలుగా అతను ఆ మధ్యాహ్నాన్ని తనదే అని నమ్మాడు. అబద్ధం చెప్పానని కూడా తెలియకుండా చెప్పాడు.

కాపీ అరవై నాలుగు శాతం. వేడి ఎనభై తొమ్మిది. వెనక్కి తిప్పి పాత సర్వరుకే కార్డు ఇస్తే అది ఏ క్షణాన్నయినా ఆగిపోతుంది. ముందుకే పోవాలి. ఇంకా ఆరు నిమిషాలు.

ఆరు నిమిషాలు ఊరుకుంటే అంకె దానంతట అదే లేస్తుంది. నలభై అంటుంది, నలభై రెండు అంటుంది, లేదా ఇంకేదో. రిజిస్టరు ఎవరూ తెరవరు. తప్పుడు సంతకానికి ఉద్యోగం పోదు. ఆ తర్వాత ఈ మధ్యాహ్నం కూడా మారిపోతుంది. స్టాండ్‌బై చక్కగా పనిచేసిందని, అంకె కొద్దికొద్దిగా కదులుతూనే ఉందని గుర్తుండిపోతుంది. ఎంత బాగా గుర్తుంటుందో అతనికిప్పుడు తెలుసు. అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అక్కడే. బంకరులో ఏం జరిగినా సరే, తను హాయిగా నిద్రపోగలడు.

మూడు ఎనిమిది. తెర మీద ఆ రెండు అంకెలూ ఎవరినో చూస్తూ ఆగిపోయిన కళ్ళలా ఉన్నాయి.

"లేవీ," కంబన్న వాకీటాకీలో అంటున్నాడు. "నీళ్ళు తాగితివా? లేవీ... ఏమప్పా, పలకవు?"

గరగర. చాలాసేపటికి ఒక గొంతు ఏదో అంది. నాలుక మందమైన వాడి మాటలా ఉంది. ఏ మాటో తెలియలేదు.

"బీడీ ముట్టించుకున్నాడేమో దొంగ నాయాలు," కంబన్న తనలో తాను అనుకుని, రిసీవరు ఎత్తాడు. "ఆఁ సెట్టీ, ఉండావా? ఏందో అడగబోతివే. ఊరికే అంటివి."

ప్రదీప్ తెర వైపు చూశాడు. కాపీ డెబ్బై.

"కంబన్నా, ఆ అంకె చచ్చిపోయింది," అన్నాడు. "వాళ్ళను బయటికి లాగించు. నేను ఆ పొద్దు టెస్టు చెయ్యలేదు."